ఐదో అంతస్తు నుంచి మట్టిదాకా: మా జున్నుకు అలవాటు చేయించిన తీరు

అపార్ట్‌మెంటులోకి కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్ళు, ఒంటికి రెంటికి ఎక్కడికి వెళ్ళాలో దానికి ఎలా నేర్పాలని అడిగితే, నేను ముందుగా ఒక సంగతి కనుక్కుంటాను. మీ ఇంటికి రాకముందు అది ఎలాంటి నేల మీద పెరిగింది? మా జున్నుతో మేము పడిన కష్టమూ, ఆ తర్వాత దొరికిన దారీ రెండూ అక్కడినుంచే మొదలయ్యాయి.

జున్ను దేశవాళీ ఆడకుక్క. ఇల్లు కడుతున్న ఒక స్థలంలో పుడితే, పశువైద్యం చదువుకుంటున్న ఒక అమ్మాయి తల్లినీ పిల్లలనూ తన గదికి తీసుకెళ్ళి సాకింది. జూలైలో మా చేతికి వచ్చేనాటికి దానికి రెండు నెలలు నిండాయి. మొదటి టీకా వేయించి, నట్టల మందు తాగించి, ఏం తింటుందో కాగితం మీద రాసి మరీ అప్పగించింది ఆ అమ్మాయి. ఆమె గది నిండా పాత దినపత్రికలు పరిచి ఉండేవి. అన్ని పిల్లలు ఒకే గదిలో పెరిగేటప్పుడు అంతకంటే శుభ్రమైన పద్ధతి మరొకటి ఉండదు. జున్ను మాత్రం ఆ కాగితాన్ని బాగా మనసులో పెట్టుకుని వచ్చింది.

మా అత్తయ్యకు హాల్లో కింద కూర్చుని, ముందు పేపరు పరుచుకుని ఆకుకూర వలుచుకోవడం అలవాటు. వచ్చిన మర్నాడే జున్ను నడుచుకుంటూ వెళ్ళి, ఆ పేపరు అంచున గోంగూర పక్కనే మూత్రం పోసింది. సాయంత్రం మా అమ్మాయి బొమ్మలు వేసుకుంటున్న డ్రాయింగు షీటు మీద పోసింది. మామయ్య సగం చదివి కుర్చీ పక్కన పెట్టిన పత్రికనూ వదలలేదు. కాగితం కనిపించనప్పుడు బాత్‌రూము ముందున్న కాలిపట్టా వెతుక్కునేది. ఖాళీ టైల్స్ మీద పోయడం మాత్రం అరుదు.

పశువైద్యుడికి ఇదంతా చెబితే ఆయన ఇచ్చిన వివరణ నాకు బాగా పనికొచ్చింది. కుక్కపిల్లలకు రెండు నెలల వయసు దగ్గరినుంచి ఎలాంటి నేల మీద విసర్జించాలన్న ఇష్టం గట్టిపడుతూ వస్తుందట. పాదాలకు తగిలే స్పర్శ, అక్కడ మిగిలిన వాసన, ఈ రెండే దానికి గుర్తులు. "బాల్కనీలో పోయాలి, హాల్లో పోయకూడదు" అన్న మన లెక్క దానికి తెలియదు. కాగితం ఉన్న చోటల్లా దానికి మరుగుదొడ్డే. తప్పు చేస్తున్నానన్న ఆలోచన దానికి లేనే లేదు, నేర్చుకున్నదాన్ని చక్కగా పాటిస్తోంది. ఇది అర్థమయ్యాక ఇంట్లో ఎవరికీ దాని మీద కోపం రాలేదు.

ఇక అసలు చిక్కు అపార్ట్‌మెంటుది. పెరడు ఉన్న ఇంట్లో అయితే తలుపు తీసి మట్టిలోకి వదిలితే సగం పని అయిపోతుంది. మేమున్నది ఐదో అంతస్తు. పైగా టీకాలన్నీ పూర్తయ్యేదాకా కింద నేల మీద దించవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. జబ్బుపడిన కుక్క ఎప్పుడో విసర్జించిన చోట పిల్ల అడుగుపెట్టి కాళ్ళు నాక్కుంటే చాలు. రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణాల మీదికి రావచ్చు. మూడు నాలుగు వారాలకొక బూస్టరు చొప్పున పదహారు వారాల వయసు దాకా సాగే టీకాలు అవి. మధ్యలో, మూడు నెలలు నిండాక, రేబీస్ టీకా. అంటే సెప్టెంబరు దాకా జున్ను లోకమంతా ఇంట్లోనే. అప్పటిదాకా ఇంట్లో ఒక చోటికి అలవాటు చేయాలి, ఆ తర్వాత ఆ అలవాటును కిందికి మార్చాలి. ఈ రెండో పని ఎలా జరుగుతుందో ముందే ఆలోచించుకోకపోతే మొదటి పనే అడ్డుగోడ అవుతుంది. కాగితానికో, బజారులో దొరికే పీల్చుకునే ప్యాడ్లకో ఆరు నెలలు అలవాటుపడిన కుక్కకు, చెట్టుకింద మట్టి పరాయి నేలే కదా.

అందుకని రేపు కింద ఏ నేల మీద పోయాలో ఆ నేలనే ఇప్పుడు పైకి తెచ్చుకుందామని నిర్ణయించుకున్నాం. నర్సరీల్లో లాన్ గడ్డిని మట్టితో సహా పలకలుగా కోసి అమ్ముతారు. అడుగున చిల్లులున్న లోతు తక్కువ ప్లాస్టిక్ తొట్టెలో ఆ పలకలు పరిచి, దాని కింద ఇంకో పెద్ద ట్రే పెట్టాం. బాల్కనీలో నీళ్ళు పోయే తూము పక్కనే దాని స్థానం. కింది ట్రే తప్పనిసరి. లేకపోతే మురికినీళ్ళు నాలుగో అంతస్తువాళ్ళు ఆరేసుకున్న బట్టల మీద పడతాయి. కింద రోడ్డు పక్క మట్టిని తవ్వి తెద్దామని మావారు అంటే డాక్టరు వద్దన్నారు. ఏ జబ్బు భయంతో పిల్లను కిందికి దించడం లేదో ఆ జబ్బునే పైకి మోసుకొచ్చినట్లు అవుతుంది. వీధికుక్కలు తిరగని నర్సరీని చూసుకుని తెచ్చుకోవడమే మేలు. బాల్కనీ కమ్మీల మధ్య సందు కుక్కపిల్ల తల దూరేంత ఉండటంతో, పావురాలు రాకుండా కట్టే వలనే కిందిదాకా దించి బిగించి కట్టించాం. ఇది అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

గడ్డి తెచ్చి పెట్టగానే జున్ను దాని మీద పోయలేదు. వాసన చూసి, రెండు పరకలు కొరికి, హాల్లోకి వచ్చి కాలిపట్టా మీద పోసింది. అప్పుడు దానికి తెలిసిన కాగితాన్నే గడ్డి మీద పరిచాం. దాని మీద పోయడం మొదలుపెట్టాక, కాగితాన్ని రోజురోజుకూ కొంచెం చింపి చిన్నది చేస్తూ వచ్చాం. అరచేయంత ముక్క మిగిలేనాటికి దాని ముందు కాళ్ళు కాగితం మీద, వెనక కాళ్ళు గడ్డి మీద ఉండేవి. ఆ ముక్కను తీసేసిన రోజు జున్నుకు తేడా తెలిసినట్టే లేదు. అదే సమయంలో ఇంట్లో కాలిపట్టాలన్నీ ఎత్తేశాం, పత్రికలు బల్లలెక్కాయి. అత్తయ్య ఆకుకూర వలవడానికి చేట తీసుకున్నారు.

వేళల విషయంలో ఆ ఘనత అంతా అత్తయ్యదే. "అమ్మాయ్, పసిపిల్లలకూ దీనికీ తేడా లేదు. లేవగానే, తినగానే, ఆడి ఆగగానే. ఈ మూడు వేళలూ కనిపెట్టి ఉంటే చాలు" అన్నారు వచ్చిన రెండోరోజే. పుస్తకాలు చెప్పేదీ అదే. పొట్టలో ఆహారం పడగానే పెద్దపేగు కదులుతుంది, అందుకే తిన్న పావుగంటా అరగంట లోపల రెంటికి వెళ్తాయి పిల్లలు. మూత్రం ఆపుకునే శక్తికి ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. రెండు నెలల పిల్లకు మూడు గంటలు అనుకోవచ్చు, అదీ కదలకుండా పడుకుని ఉంటేనే. ఆటలో ఉన్న పిల్లకు అరగంట కూడా ఎక్కువే. తిండిని రోజంతా గిన్నెలో వదలకుండా వేళకు పెట్టి, మిగిలితే తీసేయడం వల్ల రెంటికి వెళ్ళే వేళలు కూడా కుదిరాయి. పాలు మానేశాం. తల్లిపాలు మాన్పించాక ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు అరగవు. విరేచనాలు పట్టుకున్న పిల్లకు ఏ అలవాటూ నేర్పలేం.

పగలు దాన్ని కళ్ళముందు నుంచి పోనివ్వకపోవడమే అసలు శిక్షణ. మెడపట్టీకి పలుచని తాడు కట్టి, ఆ కొస ఇంట్లో ఎవరో ఒకరి నడుముకు కట్టుకునేవాళ్ళం. ఆఫీసు పని ఇంటినుంచి చేసే రోజుల్లో నేను, మిగతా రోజుల్లో అత్తయ్య, బడి వదిలాక మా అమ్మాయి. నేలను వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెడితే, ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి గది మూలకు నడిస్తే, వెంటనే ఎత్తుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళడమే. అక్కడ "కానివ్వు జున్నూ" అని ఒక్కసారి అని, ఊరుకుని నిలబడాలి. పని పూర్తయిన మరుక్షణం అక్కడికక్కడే ఉడికించిన కోడిగుడ్డు ముక్క చేతిలో పెట్టాలి. వంటింట్లోకి వచ్చాక పెడితే వంటింట్లోకి వచ్చినందుకు పెట్టారని అనుకుంటుంది. అందుకే చిన్న డబ్బా ఒకటి బాల్కనీ తలుపు పక్కనే ఉండేది.

రాత్రులకు ఇనుపతీగల పెట్టె కొన్నాం. పడుకునే చోటును పాడుచేసుకోవడం కుక్కకు ఇష్టం ఉండదు. అయితే పెట్టె మరీ పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పోస్తుంది. మధ్యలో అట్ట కాకుండా చెక్క అడ్డం పెట్టి, పెరిగేకొద్దీ జరుపుతూ వచ్చాం. మా మంచం పక్కనే ఉండేది కాబట్టి నడిరాత్రి అది కుయ్యిమన్నప్పుడు మెలకువ వచ్చేది. దీపం వేయకుండా, మాట్లాడకుండా బాల్కనీకి తీసుకెళ్ళి, మళ్ళీ పడుకోబెట్టడమే. ఆ వేళ ముద్దుచేస్తే ఆటకు లేచి కూర్చుంటుంది.

శుభ్రం చేయడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన ఇళ్ళలో నేల తుడవడమంటే ఫినాయిలే. అది మన ముక్కుకు మూత్రం వాసనను కప్పిపెడుతుంది కానీ కుక్క ముక్కుకు కాదు. పైగా తడి నేల మీద నడిచిన పిల్ల కాళ్ళు నాక్కుంటుంది, ఫినాయిల్ లోపలికి పోతే నోరు, కడుపు దెబ్బతింటాయి. మా ఇంట్లో పని చేసే యాదమ్మకు ఇది చెబితే తనే ఫినాయిల్ సీసాను పై అరలో పెట్టేసింది. మూత్రాన్ని ముందు పొడిగుడ్డతో అద్ది పీల్చాలి, ఆ తర్వాత నీళ్ళు, ఆ తర్వాత పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రవం చల్లి కాసేపు వదిలేయాలి. వాసనకు కారణమైన పదార్థాలను అది విడగొడుతుంది. టైల్స్ పైన ఏమీ ఇంకదు, వాటి మధ్య తెల్లసిమెంటు సందులే పీల్చుకుంటాయి. మా హాల్లో ఒకే చోట మళ్ళీ మళ్ళీ పోస్తూ ఉంటే వంగి చూశాం. అక్కడ సందులో సిమెంటు లేచిపోయి ఉంది. మేస్త్రిని పిలిచి పూడ్పించాక అక్కడ మళ్ళీ పోయలేదు. వినెగర్ వాడమని కూడా అంటారు. టైల్స్ మీద పరవాలేదు గానీ పాలరాయి మీద పోస్తే మెరుపు పోతుంది.

"ముక్కు దాంట్లో పెట్టి రుద్దండి, ఒక్క దెబ్బ వేయండి, మళ్ళీ చేయదు" అని చెప్పినవాళ్ళు చాలామంది. ఈ సలహా విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఊరినుంచి వచ్చిన మా బంధువు ఒకాయన మేము చూడనప్పుడు జున్నును అలాగే గద్దించారు. ఆ తర్వాత అది ఇంట్లో పోయడం మానలేదు, మనుషుల ఎదుట పోయడం మానింది. బాల్కనీలో మేము నిలబడితే పోయకుండా తోక ముడుచుకుని చూసేది. వాషింగ్ మెషిన్ వెనక్కు, సోఫా వెనక్కు వెళ్ళి పోసేది. మనం దగ్గర ఉండి మెచ్చుకోవడమే నేర్పే పద్ధతి అయినప్పుడు, దాన్ని మన ముందు భయపడేలా చేస్తే ఇక నేర్పడానికి ఏం మిగులుతుంది? ఆ భయం పోగొట్టడానికి, గడ్డికి దూరంగా జరిగి నిలబడి, అటు తిరిగి, మళ్ళీ మొదటినుంచి ఓపిక పట్టాల్సి వచ్చింది.

ఆగస్టులో అన్నీ సర్దుకున్నాయనుకునే వేళకు ఉన్నట్టుండి మళ్ళీ ఇల్లంతా తడి. గడ్డి మీద పోసి వచ్చి, రెండు నిమిషాలకే హాల్లో కూర్చునేది, నాలుగు చుక్కలు పడేవి, లేచి ఇంకోచోట కూర్చునేది. ఇది అలవాటుకు సంబంధించినది కాదని అత్తయ్య పట్టుబట్టారు. మూత్రపరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ అని తేలింది. ఆడకుక్కల్లో ఇది ఎక్కువ. మందుల కోర్సు పూర్తికాకముందే మామూలైంది. బాగా నేర్చుకున్న కుక్క హఠాత్తుగా తప్పుతోందంటే ముందు డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి.

టీకాలు పూర్తయి డాక్టరు సరేనన్నాక కిందికి దించే ఘట్టం మొదలైంది. ఐదో అంతస్తు నుంచి మట్టిదాకా దారి చాలా పొడవు: వరండా, లిఫ్టు కోసం ఎదురుచూపు, లిఫ్టు, సెల్లారు, గేటు. లిఫ్టులో పరిచిన రబ్బరు పట్టా మా కాలిపట్టాలకు చుట్టమే, దాని మీద ఆశ పుట్టడం సహజం. అందుకే తలుపు దగ్గరినుంచి మట్టి తగిలేదాకా దాన్ని చంకలోనే మోశాం. ఎత్తుకుని ఉన్నప్పుడు పిల్లలు సాధారణంగా ఆపుకుంటాయి. చేతిసంచిలో పాతగుడ్డ, నీళ్ళసీసా, మలం ఎత్తే కవర్లు ఎప్పుడూ ఉండేవి.

లిఫ్టు గురించి అసోసియేషన్‌లో ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు, కుక్కను మెట్ల మీద తీసుకెళ్ళమన్నారు. పెంపుడు కుక్కలకు లిఫ్టు వాడకాన్ని అసోసియేషన్లు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. మావారు ఆ ప్రతి పట్టుకెళ్ళి కార్యదర్శిగారితో కూర్చుని మాట్లాడారు. కానీ మాట కుదిరింది ఆ కాగితం ఒక్కదానివల్లే అని నేను అనుకోను. ఏ మూల వాడుకుంటామో మేమే ముందుగా చూపించాం. పిల్లలు ఆడుకునే చోటు కాదు, ఆడవాళ్ళు బతుకమ్మ ఆడే ముందు వాకిలి కాదు, వెనక ప్రహరీ దగ్గర కానుగ చెట్టు కింద. రోజూ మేము ఎత్తి శుభ్రం చేయడం చూశాక అభ్యంతరం చెప్పినావిడే జున్నును పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టారు.

ఆ మూలకు తీసుకెళ్ళిన మొదటి రోజుల్లో జున్ను అన్నీ చేసింది, పోయడం తప్ప. ఆకులు, చీమలు, గేటు బయట స్కూటర్లు, వినాయక చవితి పందిరినుంచి వచ్చే పాటలు, ఇన్ని వింతల మధ్య దానికి ఆ సంగతే గుర్తురాలేదు. పైకి రాగానే పరుగున బాల్కనీకి వెళ్ళి గడ్డి మీద పోసేది. ఈ అవస్థ పడని అపార్ట్‌మెంటువాళ్ళు ఉండరేమో. అక్కడే ఆ గడ్డి మాకు ఆసరా అయింది. తొట్టెలో నుంచి వాడిన పలక ఒకదాన్ని మట్టితో సహా తీసి కానుగ చెట్టు కింద పెట్టాం. తెల్లవారుజామున, రాత్రంతా ఆపుకున్న మూత్రంతో, చుట్టూ సందడి లేని వేళ దాన్ని తీసుకెళ్ళి ఆ పలక ముందు దించి "కానివ్వు జున్నూ" అన్నాను. వాసన చూసింది, ఒక చుట్టు తిరిగింది, కూర్చుంది. నేను గట్టిగా అరవకుండా ఆపుకోవడానికి ఎంత కష్టపడ్డానో! గుడ్డు ముక్క బదులు ఆ రోజు గుడ్డంతా దానిదే.

ఆ తర్వాత తెలిసి పాటించిన జాగ్రత్త ఇంకొకటుంది. చాలామంది, కుక్క పోయగానే తాడు లాగి ఇంటిదారి పడతారు. పోస్తే షికారు ముగిసిపోతుందని అది త్వరగానే గ్రహిస్తుంది, ఎంతసేపైనా ఆపుకుని తిప్పించుకుంటుంది. మేము దిగగానే నేరుగా చెట్టు కిందికి వెళ్ళి నిలబడేవాళ్ళం. పోశాకే గేటు దాటి షికారు. పోయకపోతే పైకి తెచ్చి, బాల్కనీ తలుపు మూసి, తాడు వదలకుండా పక్కనే కూర్చోబెట్టుకుని, కాసేపటికి మళ్ళీ కిందికి. ఈ పద్ధతి కుదరడానికి దసరా సెలవులు కలిసొచ్చాయి, మా అమ్మాయి రోజంతా అదే పనిలో ఉంది.

తొట్టెను మాత్రం తీసేయలేదు. వానపడి తడిసిన నేలలో కాలు పెట్టడానికి జున్ను ఒప్పుకోదు. దీపావళికి ముందునుంచే టపాకాయల మోత మొదలైతే ఆ వారమంతా లిఫ్టు దగ్గరికే రాలేదు. బలవంతంగా కిందికి ఈడ్చుకెళ్ళి ఉంటే చెట్టుకింద చోటంటేనే భయం పట్టుకునేది. తెల్లవారుజామున మోత ఆగిన వేళ ఒక్కసారి కిందికి, మిగతా వేళల్లో గడ్డి. కార్తీకం వచ్చాక తనంతట తానే తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఇంట్లో వృద్ధులున్నవాళ్ళు, రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళు ఆ తొట్టెను శాశ్వతంగా ఉంచుకోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. గడ్డి పది పదిహేను రోజులకు మాడి పసుపెక్కుతుంది, పలకలు మార్చుకుంటూ ఉండాలి.

సంక్రాంతికి తెనాలి దగ్గర మా అత్తయ్యగారి పుట్టింటికి జున్నునూ తీసుకెళ్ళాం. కారు దిగగానే ముందు అత్తయ్యకే తట్టింది. "అమ్మాయ్, ఇక్కడంతా మట్టే కదా, దీనికి వాకిలికీ దొడ్డికీ తేడా ఏం తెలుస్తుంది?" అన్నారు. నిజంగానే జున్ను పేడతో అలికిన మట్టి అరుగు ఎక్కి వాసన చూస్తూ చుట్టు తిరగడం మొదలుపెట్టింది. వెంటనే ఎత్తుకుని దొడ్లో చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ ఉన్నన్ని రోజులూ మళ్ళీ నడుముకు తాడు కట్టుకున్నాం. తెల్లవారకముందే, మరదళ్ళు ముగ్గు చిప్పలతో వాకిట్లోకి రాకముందే, దాన్ని దొడ్డివైపు తిప్పి తెచ్చేవాళ్ళం. పెద్దపండుగ నాటికి వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడి గోకడం నేర్చుకుంది.